డాక్టరమ్మ ఇంగ్లీషు, అవ్వ మాట

మా బడిలో ఇంగ్లీషును ఉర్దూలో నేర్పేవారు. నిజాం రాజ్యం కదా, సర్కారు బడిలో ఏ పాఠమైనా ఉర్దూలోనే. మా ఉస్తానీ, అంటే టీచరమ్మ, నల్లబల్ల మీద ఒక ఇంగ్లీషు మాట రాసి పక్కన ఉర్దూ అర్థం రాసేది. మేము ఆ ఉర్దూను మనసులో తెలుగు చేసుకొని, ఇంగ్లీషు వచ్చేసిందని మురిసిపోయేవాళ్లం. అట్లా చేతులు మారి వచ్చిన ఇంగ్లీషుతో నేను పాలమూరులో ఒక మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకోవడానికి చేరాను. అప్పుడు పెద్ద యుద్ధం నడుస్తోంది. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు పొగతో నడిచేవి, గుట్ట వచ్చిందంటే అందరూ దిగి నెట్టేవారు.

దవాఖానను నడిపేది ఒక డాక్టరమ్మ. సముద్రాలు దాటి వచ్చిన దొరసాని. మనిషి గట్టిది, మనసు మెత్తన. కాని ఆమెకు తెలుగు నేర్పిన పండితుడెవరో కోస్తా మనిషి. ఆయన పుస్తకంలో ఉన్న తెలుగంతా నేర్పాడు గాని, మనుషులు మాట్లాడే తెలుగు ఒక్క ముక్కా నేర్పలేదు. చేనుకు పోయి వచ్చిన ఒక ఆమెను పట్టుకొని, "మీకు ఉదరమున నొప్పి కలుగుచున్నదా?" అని అడిగేది. ఆమె బిత్తరపోయి నా దిక్కు తిరిగి, "ఏమంటున్నదమ్మా దొరసాని?" అనేది. "కడుపు నొస్తాందా అంటున్నది" అని నేను. అట్లా నర్సు పని నేర్చుకోవడానికి పోయి నేను ఆమెకు నోరయ్యాను.

మొదటి రోజే తలవంపులైంది. ఒక ముసలమ్మను చూసి డాక్టరమ్మ, "షి ఈజ్ ఎ బిట్ అండర్ ది వెదర్" అంది. ఒక్కో మాటా నాకు తెలుసు. కలిపి చూస్తే ఏమీ తెలియలేదు. అయినా తెలియదని ఒప్పుకుంటే నా చదువు ఏం కాను? "ఆమె వాన కింద ఉన్నదట" అని ముసలమ్మ కొడుకుతో గొప్పగా చెప్పాను. అతడు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. "వాన యాడుందమ్మా?" అన్నాడు. డాక్టరమ్మకు సంగతి తెలిసి కడుపు పట్టుకొని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఒంట్లో కాస్త నలతగా ఉందనడానికి వాళ్లు అట్లా అంటారని తర్వాత పక్కన కూర్చోబెట్టుకొని చెప్పింది.

ఆ సాయంత్రం మా అవ్వ ముందర ఈ గోడు వెళ్లబోసుకున్నాను. అవ్వ అంటే మా నాయిన తల్లి. అమ్మా నాయినా గత్తరలో, అదే కలరాలో, పోయాక, కూలికి పోయి, జొన్న కంకులు కోసి, నన్ను సాకింది అవ్వే. ఊళ్లో చిన్నాయిన ఉన్నా, నన్ను ఒంటరిగా పట్నానికి పంపనని పంతం పట్టి వెంట వచ్చేసింది. దవాఖాన ఆవరణలో మాకో గది ఇచ్చారు. వంటశాలకు పిండి విసరడం అవ్వ పని. అవ్వ విసురుతుంటే తిరగలి చప్పుడు కన్నా ఆమె నోటి చప్పుడే ఎక్కువ వినిపించేది.

"గంతే కదనే," అంది అవ్వ అంతా విని. "పానం జర నలతగుంది అనాలె. దానికి వానేంటికి, ఎండేంటికి?"

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అదే ఆట. పొద్దున డాక్టరమ్మ నోట వచ్చిన వింత మాటను కొంగున ముడేసుకొని సాయంత్రం అవ్వ ముందు విప్పేదాన్ని. అవ్వ మొదట వెక్కిరించేది. తర్వాత దానికి సరిజోడు మాట వెతికి ఇచ్చేది. "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అంటే అరుదుగా అని. ఎప్పుడో గాని నీలం చందమామ రాదట. అవ్వ తిరగలి ఆపి, "నీలం చందమామ ఆళ్ల దేశంల వస్తదేమో, నేనైతే పుట్టి బుద్ధెరిగి చూడలే. అమాసకో పున్నానికో అను, సరిపోతది" అంది. "పుల్ అప్ యువర్ సాక్స్" అంటే మేజోళ్లు పైకి లాక్కో, అంటే గట్టిగా పనిలోకి దిగు అని. "మేజోళ్లు లేనోళ్లు పని జెయ్యరా? కొంగు దోపు అను" అంది.

నేను ఈ మాటలను తీసుకుపోయి డాక్టరమ్మకు ఇచ్చాను. ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. మర్నాడు వార్డులోకి వస్తూనే, "అమ్మాయిలూ, కొంగు దోపండి!" అని కేకేసింది. నర్సులందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. యుద్ధం వల్ల ఆమె ఇంటి నుంచి ఉత్తరాలు సరిగా వచ్చేవి కావు. తపాలా మనిషి వట్టి చేతులతో పోతుంటే చూసి, "నా ఉత్తరములు అమాసకో పున్నానికో" అనేది. మాట నవ్వుతూనే అనేది. ముఖంలో మాత్రం నవ్వు ఉండేది కాదు.

మాటకు అర్థం తెలిస్తే సరిపోదని, దాన్ని ఎక్కడ అనాలో, ఎక్కడ అనకూడదో తెలియాలని కూడా ఆమే చెప్పింది. చనిపోయాడనడానికి "కిక్డ్ ది బకెట్" అంటారట, బకెట్‌ను తన్నేశాడని. "కాని ఈ మాట ఇంట్లో కట్టుకునే పాత బట్ట వంటిది. దుఃఖంలో ఉన్నవారి ముందు ఎప్పుడూ అనకు" అని నా చెయ్యి పట్టుకొని మరీ చెప్పింది. ఆ బకెట్ ఏమిటో, దాన్ని ఎందుకు తన్నాలో అడిగితే ఆమెకూ తెలియదు.

అవ్వకు చెబితే ముక్కు మీద వేలేసుకుంది. "బొక్కెన తంతే సస్తరా? బొక్కెన సొట్ట బోతది. మనం నూకలు చెల్లినయ్ అంటం. తినే గింజలు అయిపోతే మనిషి పోతడు, అది ఒక తీరుగ ఉన్నది." మళ్లీ తానే, "గది గూడ ఆళ్ల ఇంటి ముందట అనొద్దు, చెప్పు తెగుతది" అంది. ఆ సంగతిలో మాత్రం అవ్వదీ డాక్టరమ్మదీ ఒకే మాట.

ఇది ఆటగానే ఉండిపోతే బాగుండేది. కాని దవాఖానలో మాట ఆట కాదు. మా దిక్కు ఊళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఊరి బయట ప్రాణం పోతే ఆ పీనుగను పొలిమేర లోపలికి రానిచ్చేవారు కాదు. ఇంటి ముందర దించి ఏడ్చే భాగ్యం కూడా ఉండదు. ఎక్కడ పోయిన మనిషిని అక్కడే మట్టి చేయాలి. అందుకని డాక్టరమ్మ ఆశ లేదన్నదో, కొసప్రాణం ఉండగానే మనిషిని బండిలో వేసుకొని పోయేవారు. మధ్యలోనే పోతే అంతకన్నా ఘోరం. పోనీ భయం లేదన్నదో, నాట్లున్నాయనీ కోతలున్నాయనీ రోగిని మా మీద వదిలేసి పోయేవారు. గంజి తాగించే దిక్కు ఉండదు. ఈ రెంటికీ నడుమ నిలబెట్టే మాట ఒకటి కావాలి. అప్పుడే మనుషులు ఆగుతారు, మందు పని చేయడానికి సమయం దొరుకుతుంది.

డాక్టరమ్మ దగ్గర ఆ మాట ఉంది. "టచ్ అండ్ గో" అనేది. దానికి అవ్వ ఆలోచించకుండానే ఇచ్చింది: "ఎటుపోయి ఎటొస్తదో." ఎంత మంచి మాట అది! భయపెడుతుంది, తరిమేయదు. ఎంత మందిని ఆ మాటతో ఆపానో. రోగి కోలుకుంటే డాక్టరమ్మ, "అవుటాఫ్ ది వుడ్స్" అనేది. అడవిలోంచి బయటపడ్డట్టు. అవ్వ దీనికి అసలే ఒప్పుకోలేదు. మా ఊరు ఆత్మకూరు దిక్కున, కృష్ణకు దగ్గర. పుట్టిలో, అంటే తట్ట పడవలో, ఏరు దాటిన మనుషులు మావాళ్లు.

"అడివంటే మనకేం భయమే? కట్టెలిచ్చె, పండ్లిచ్చె, కరువుల గడ్డలిచ్చె. భయమంత ఏటితోనే. గట్టెక్కింది అను."

తర్వాత నేను ఎంతోమంది ఇంటివాళ్లతో, "ఇంక ఫికర్ లేదు, గట్టెక్కింది" అన్నాను. ఆ మాట విని వాళ్ల ముఖాలు విప్పారుతుంటే చూడటం కన్నా గొప్ప జీతం నేను మళ్లీ ఎక్కడా తీసుకోలేదు.

ఒక ఎండాకాలం అవ్వ తిరగలి దగ్గరి నుంచి లేవలేక కూలబడింది. కడుపులో గడ్డ. ఎంత కాలం నుంచి నొప్పిని పళ్ల బిగువున దాచుకుందో ఆమెకే తెలియాలి. నేను ఊరందరి కడుపునొప్పులూ డాక్టరమ్మకు చెప్పేదాన్ని, నా పక్కలో పడుకునే మనిషి నొప్పి నాకు తెలియలేదు. డాక్టరమ్మ చూసి కోయాల్సిందేనంది.

కోతకు ముందు అవ్వ నన్ను మంచం మీద కూర్చోబెట్టుకొని నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"చూడు బిడ్డా. కోస్తె కొయ్యనియ్, నాకేం భయం లేదు. కాని ఈడ పోవుడు నాకొద్దు. మీ తాత పక్కన జాగా ఉన్నది. పానం ఉండంగనే నన్ను ఊర్లకు తోలియ్యాలె. దొరసాని ఏమన్నదో అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలె. తీపి మాటలు జెప్పినవంటే ఊకోను. మాటియ్యి."

మాట ఇచ్చాను. ఇచ్చాక గాని తెలియలేదు అది ఎంత బరువో. వేరేవాళ్లకైతే ఒక మాట అటో ఇటో చేసి ధైర్యం చెప్పేదాన్ని. అవ్వ దగ్గర ఆ ఆటలు సాగవు. నా దగ్గరున్న మాటలన్నీ ఆమె ఇచ్చినవే. ఏ మాట ఎంత తూగుతుందో నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

కోసిన మర్నాడు డాక్టరమ్మ నాడి చూసి, నా దిక్కు తిరిగి, "టచ్ అండ్ గో" అంది.

"ఏమన్నది?" అంది అవ్వ కళ్లు తెరవకుండానే.

"ఎటుపోయి ఎటొస్తదో అన్నది."

"అయితే ఉంట" అంది అవ్వ.

ఆ తర్వాత రోజూ పొద్దున అదే తంతు. డాక్టరమ్మ వస్తుంది, చూస్తుంది, ఒక మాట అంటుంది. అవ్వ "ఏమన్నది?" అంటుంది. ఒక పొద్దున "హోల్డింగ్ హర్ ఓన్" అంది. "నెగ్గుకొస్తున్నవట" అని చెప్పాను. అవ్వ ఆ రోజు అంబలి అడిగి తాగింది, ఉప్పు చాలలేదని వంటామెను తిట్టింది. అవ్వ తిడితే నాకు పండుగే. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను. ఆ మాట ఎప్పుడు చెప్పాలా అని నా నోరు ఊరుతూనే ఉంది.

ఈలోగా చిన్నాయిన బండి కట్టుకొని వచ్చాడు. "ఇంటికి తోల్కపోత" అని కూర్చున్నాడు. "ఈడ ఏమన్న అయితే ఊర్ల మేం తలెట్ల ఎత్తుకోవాలె?" అని గొడవ. నేను ఆగు అన్నాను, అతడు పద అన్నాడు. ఇద్దరం పెద్దగా అరుచుకున్నాం. అవ్వ మంచం మీది నుంచే, "దొరసాని మాట చెప్పేదాంక ఎవ్వరి మాట ఇన" అని మా ఇద్దరి నోళ్లూ మూయించింది. చిన్నాయిన ఎడ్లను విప్పి చింతచెట్టు కింద కట్టేసి అక్కడే మకాం పెట్టాడు. పొద్దున లేస్తే కిటికీలోంచి ఆ బండి కనిపించేది. దాని మీద నాకు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను.

తర్వాత జ్వరం మళ్లీ తిరగబెట్టింది. పుండు మానలేదు. ఒక పొద్దున డాక్టరమ్మ వచ్చి చాలాసేపు చూసింది. అవ్వ నుదుటి మీద చెయ్యి వేసి నిలబడింది. నేను ఆమె నోటి దిక్కే చూస్తున్నాను. ఏ వానో, ఏ చందమామో, ఏ అడవో వస్తుందని. ఏదీ రాలేదు. "టేక్ హర్ హోమ్" అంది. బడిలో మొదటి ఏడు చదివిన పిల్లకు కూడా తెలిసే మాట. వెతుక్కోవాల్సిన అర్థం ఏదీ లేదు అందులో.

"ఏమన్నది?" అంది అవ్వ.

 నెగ్గుకొస్తున్నవట అని మళ్లీ అనొచ్చు. ఎటుపోయి ఎటొస్తదో అనొచ్చు. అంటే ఉంటుంది. ఇంకో రోజు, ఇంకో రెండు రోజులు నా కళ్ల ముందే ఉంటుంది. డాక్టరమ్మ కాదనదు, ఆమెకు ఈ రెండు మాటలూ తెలుసు, నా బాధా తెలుసు. నాకు అవ్వ తప్ప ఎవరూ లేరు. పోనివ్వాలని లేదు, అదీ నిజం.

"ఏందే, నోట్ల నాలుక లేదా?" అంది అవ్వ. కళ్లు తెరిచి నన్నే చూస్తోంది.

"బండి కట్టమన్నది" అన్నాను.

 అవ్వ డాక్టరమ్మ చేతి మీద తన చెయ్యి వేసి, "మంచి మనిషి. టైముకు చెప్పింది" అంది. నా దిక్కు తిరిగి, "నువ్వు గూడ" అంది.

బండిలో గడ్డి పరిచి, దాని మీద డాక్టరమ్మ తన మంచం మీది మెత్తని రగ్గు తెచ్చి పరిచింది. వద్దన్నా వినలేదు. బండి కదిలేటప్పుడు చక్రం పట్టుకొని నిలబడి, తన పుస్తకాల తెలుగులో, "అవ్వా, మిమ్మును నేను అమాసకో పున్నానికో కాదు, ప్రతిదినము తలంచుకొందును" అంది. అవ్వకు నవ్వు వచ్చింది. నవ్వితే పుండు నొప్పి పుట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నవ్వియ్యకమ్మా, కుట్లు తెగుతయ్" అంది.

దారంతా ఎర్రమట్టి, రాళ్లు. చిన్నాయిన ఎడ్లను ఒక్క దెబ్బ కొట్టలేదు. అడుగులో అడుగు వేయిస్తూ తోలాడు. నేను అవ్వ తలను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ఊపిరి ఆడుతోందా లేదా అని వేలు ముక్కు దగ్గర పెట్టి చూస్తూనే ఉన్నాను. ఆ ప్రయాణంలో నేను దేవుణ్ని అడిగినది ఒక్కటే. బతికించమని కాదు, పొలిమేర దాటేదాకా ఉంచమని. మనిషి ఆశ అట్లా చిన్నదైపోతుంది, దానికే కొంగు పరచాల్సి వస్తుంది. ఎండ పొద్దుకు బండి ఆపి తడిగుడ్డ పెదవుల మీద పిండితే, "నీళ్లు మంచిగున్నయ్, ఏ బాయివి?" అని అడిగింది.

పొలిమేర రాయి కనిపించగానే చిన్నాయిన వెనక్కి తిరిగి, "అవ్వా, ఊరొచ్చింది" అన్నాడు. తల్లిని అతడూ అవ్వా అనే పిలిచేవాడు.

"లేపుండ్రి నన్ను."

పట్టుకొని లేపి కూర్చోబెట్టాం. బండి రాయి దాటింది. పక్క చేనులో కొయ్యకాళ్లు కోస్తున్న ఆడవాళ్లు కొడవళ్లు వదిలి పరుగెత్తుకొచ్చారు. అవ్వ వాళ్లందరినీ ఒకసారి చూసి, నా భుజం మీద వాలి, "గట్టెక్కిన బిడ్డా" అంది.

ఇంట్లో ఇంకా కొన్నాళ్లు ఉంది. వచ్చినవాళ్లందరితో మాట్లాడింది. డాక్టరమ్మ నీలం చందమామ సంగతి, బొక్కెన సంగతి చెప్పి అందరినీ నవ్వించింది. చిన్నమ్మ చేసిన అంబలికి వంకలు పెట్టింది. ఒక తెల్లవారి, గొర్రెల మంద ఇంటి ముందు నుంచి మేతకు పోతుంటే, ఆ చప్పుడు వింటూ పోయింది. తాత పక్కనే జాగా దొరికింది.

నేను రగ్గు ఉతికి ఆరేసి, మడిచి పట్టుకొని పాలమూరుకు తిరిగి వచ్చాను. డాక్టరమ్మ తన గది వాకిట్లోనే ఎదురైంది. రగ్గు చూసింది, నా ముఖం చూసింది. అయినా ఇంగ్లీషులో అవ్వ ఎట్లా ఉందని అడిగింది.

చెప్పాలి. చెప్పడానికి నా దగ్గర ఇంగ్లీషు ఎంత ఉంది! చనిపోయిందనడానికి ఉస్తానీ రాయించిన మాట ఒకటి ఉంది, అది ఎవరి అవ్వ పోయినా ఒకటే. బకెట్ మాట ఒకటి ఉంది, అది ఎక్కడ అనకూడదో ఈమె నా చెయ్యి పట్టుకొని చెప్పింది. ఇన్నాళ్లూ ఆమె మాటలు మోసుకుపోయి అవ్వకు ఇచ్చాను. ఆ రోజు మొదటిసారి, ఆమె అడగకుండానే, అవ్వ మాటను ఇంగ్లీషులో పెట్టి ఆమెకు ఇచ్చాను.

"షి రీచ్డ్ ది బ్యాంక్" అన్నాను.

బ్యాంక్ అంటే ఏటి గట్టే గాని, అట్లాంటి మాట ఇంగ్లీషులో లేదని నాకు తెలుసు.  ఆమె తెలుగులో, పండితుడు నేర్పిన తెలుగులో కాదు, మా అవ్వ తెలుగులో అడిగింది.

"గట్టెక్కిందా?"

"గట్టెక్కిందమ్మా" అన్నాను.

ఆమె రగ్గును నా చేతుల్లోంచి తీసుకొని ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరం అక్కడే, ఆ గడప మీదే కూర్చొని ఏడ్చాం.